స్టెప్నీ లేని సోమవారం

ఆ డయాలిసిస్ కేంద్రంలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి నుంచి పెద్ద డాక్టరు దాకా అందరికీ అతను స్టెప్నీయే. పొద్దున్నే వచ్చి వ్యాను కింద వేలాడే అదనపు చక్రాన్ని పలకరించాకే మనుషుల్ని పలకరిస్తాడని రెండో వ్యాను డ్రైవరు ఆ పేరు తగిలించాడు. అది అంటుకుంది. మొదట్లో అతనికి ఒళ్లు మండేది. తర్వాత ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే వెంటనే తిరిగి చూసేవాడు కాదు.

వయసు యాభై రెండు. అందులో ముప్పై ఏళ్లు స్టీరింగు ముందే గడిచిపోయాయి. లారీల్లో రెండో డ్రైవరుగా ఉన్న రోజుల్లో ఒకసారి వానకి నానిన రోడ్డంచున టైరు మారుస్తుంటే, జాకీ మట్టిలోకి దిగబడి బండి ఒరిగింది. తనకు పని నేర్పిన పెద్ద డ్రైవరు చేతి వేళ్లు మూడు దాని కింద నలిగిపోయాయి. ఆ కేక అతని చెవుల్లోంచి ఎప్పటికీ పోలేదు. ఆ తర్వాత ఏ బండి నడిపినా జాకీ కింద వేయడానికి మూరెడు చెక్క, చక్రాల వెనక పెట్టడానికి రెండు దుంగముక్కలు, గాలి చూసే మీటరు, వీల్ స్పానరు, ఎర్ర ముక్కోణం బోర్డు, టార్చి లేకుండా గేటు దాటలేదు. వ్యానులో వారానికి మూడుసార్లు వచ్చే రోగుల్లో టైలరొకడు ఉండేవాడు. ఈ సరంజామా చూసి నవ్వి, మందపాటి గుడ్డతో ఒక్కో సామానుకి ఒక్కో జేబు పెట్టి సంచీ కుట్టి ఇచ్చాడు.

"ఏమండీ, రోడ్డు మీదికెళ్తున్నారా, యుద్ధానికా?" అనేది భార్య.

"బండి బాగున్నప్పుడు అందరూ డ్రైవర్లేనే" అనేవాడు.

ఆ మాట చెప్పేటప్పుడు మొహంలో కాస్త గర్వం ఉండేది. నిజం చెప్పాలంటే కాస్తేం కాదు, బాగానే ఉండేది. రెండో వ్యాను డ్రైవరుకి ఎదురైనప్పుడల్లా క్లాసు పీకేవాడు. స్టెప్నీలో గాలి నెలకోసారి చూసుకోమనీ, బోల్టులు తుప్పు పట్టకుండా నూనె రాయమనీ, బండి ఎత్తక ముందే నట్లు వదులు చేసుకోమనీ. అతను "అలాగే గురువుగారూ" అని తలూపి, వెనక్కి తిరిగి కన్నుకొట్టేవాడు.

అతని వ్యానులో మొదట ఎక్కేది టీచరమ్మ. రిటైరైన లెక్కల టీచరు. కాలనీ చివరింట్లో కూతురితో ఉండేది. నాలుగేళ్లుగా సోమ, బుధ, శుక్రవారాలు అతను వెళ్లి హారన్ కొట్టకుండా గేటు దగ్గర నిలబడేవాడు. హారన్ అంటే ఆవిడకు చిరాకు. చెయ్యి పట్టుకుని ఎక్కించబోతే "నాకింకా కాళ్లున్నాయి నాయనా" అని విదిలించుకునేది. ముందు సీట్లో కూర్చుని దారంతా ఎదురొచ్చే బండ్ల నంబర్లు కూడేది, హెచ్చించేది. "చూడు, ఆ లారీ నంబరు పదమూడుతో భాగిస్తే శేషం లేకుండా పోతుంది" అని సంబరపడేది. అతనికి ఆ లెక్క అర్థమయ్యేది కాదు. అయినా ఎవరో బహుమతి ఇచ్చినట్టు నవ్వేవాడు.

భార్యకి కంటి ఆపరేషనుంటే శుక్ర, శనివారాలు సెలవు పెట్టాడు. సోమవారం పొద్దున వచ్చి, అలవాటు ప్రకారం వ్యాను వెనక వంగి చూస్తే గొలుసు ఖాళీగా వేలాడుతోంది. స్టెప్నీ లేదు.

మేనేజరు అప్పుడే వచ్చి గదిలో ఫ్యాను వేసుకుంటున్నాడు.

"సార్, నా బండి స్టెప్నీ ఏది?"

"రెండో వ్యానుకి వేశాంలేవయ్యా. శనివారం దానికి రెండు టైర్లు పోయాయి. సాయంత్రానికి నీకు కొత్తది తెప్పిస్తా."

"సాయంత్రం దాకా బండి కదపను సార్. ఇవాళ సోమవారం. మధ్యలో రెండు రోజులు మెషీన్ లేక వాళ్లంతా ఉబ్బిపోయి ఉంటారు, దారిలో ఆగితే తట్టుకోలేరు."

"అందుకే తొందరగా బయల్దేరమంటున్నా. నాలుగేళ్లలో నీకు దారిలో ఎన్నిసార్లు పంక్చరైంది?"

"రెండుసార్లు."

"రెండుసార్లు! దానికోసం ఇవాళ ఇద్దరు పేషెంట్ల షిఫ్టు ఎగ్గొడతావా? ఏదైనా అయితే నేనున్నాగా."

బల్ల మీద ట్రిప్ షీటు ఉంది. డీజిలు, బ్రేకులు, లైట్లు, స్టెప్నీ. నాలుగు గళ్లు. డ్రైవరు టిక్కులు పెట్టి సంతకం చేస్తేగాని వాచ్‌మన్ గేటు తీయడు. మూడు గళ్లలో గబగబా పెట్టాడు. నాలుగో దాని దగ్గర పెన్ను ఆగింది. 'లేదు' అని రాస్తే ఆ కాగితం పెద్ద డాక్టరు బల్ల మీదికి వెళ్తుంది, మేనేజరుకి అక్షింతలు పడతాయి, ఆ కోపం ఏడాది పొడుగునా తన మీదే తిరుగుతుంది. టైలరు అప్పుడే రెండుసార్లు ఫోను చేశాడు, ఊపిరాడటం లేదు, ఎక్కడున్నావని.

టిక్కు పెట్టాడు. ఎవరూ చెయ్యి పట్టుకుని పెట్టించలేదు.

టీచరమ్మ ఆ రోజు చెయ్యి విదిలించుకోలేదు. అతని భుజం పట్టుకునే ఎక్కింది. పాదాలు వాచి చెప్పుల్లో పట్టలేదు. టైలరు వెనక సీట్లో కిటికీకి చేరగిలబడి మూలిగాడు. నంబర్ల లెక్కలేవీ లేవు. బైపాసు ఎక్కి ఆరేడు కిలోమీటర్లు వెళ్లాక ఎవరో కింద నుంచి గుద్దినట్టు చప్పుడై బండి ఎడమకి లాగింది. బ్రేకు జోలికి పోకుండా స్టీరింగు బిగబట్టి, మెల్లగా రోడ్డంచుకి తెచ్చి ఆపాడు.

దిగి చూశాడు. ఎడమ వెనక టైరు. ఏదో ఇనుప ముక్క పక్కగోడని జానెడు పొడవున చీల్చేసింది. మేకు దిగితే అతని దగ్గర అతుకు సామాను ఉంది, పావుగంటలో సర్దేసేవాడు. పక్కగోడ చిరిగిన టైరుకి అతుకు లేదు. మార్చాల్సిందే.

ఎర్ర ముక్కోణం నలభై అడుగుల వెనక పెట్టాడు. చక్రాలకి దుంగముక్కలు అడ్డం పెట్టాడు. నట్లు వదులు చేశాడు. చేతులు వాటంతట అవే పని చేసుకుపోతున్నాయి. చెక్క వేసి, దాని మీద జాకీ పెట్టబోయి, అలాగే కూలబడ్డాడు. ముప్పై ఏళ్లుగా ఈ ఒక్క క్షణం కోసం సిద్ధంగా ఉన్న మనిషి, అన్నీ పక్కన పరుచుకుని, చక్రం లేక కూర్చున్నాడు.

చేతులకి గ్రీజుంది. ఫోను స్పీకర్లో పెట్టి మేనేజరుకి చేశాడు.

"సార్, టైరు చిరిగింది. మీరు తీసిన స్టెప్నీ వెంటనే పంపండి. బైపాసు మీదున్నాం."

"అయ్యో... రెండో వ్యాను అటు చివరికి వెళ్లింది కదయ్యా. గంటన్నర పడుతుంది."

"అంతసేపు వీళ్లు ఆగలేరు సార్!"

"అక్కడే ఏదో ఒక బండి ఆపు. ఇప్పుడు స్టెప్నీ గొడవెందుకు, తర్వాత మాట్లాడుకుందాం."

కిటికీలోంచి టైలరు ఇదంతా వింటూనే ఉన్నాడు. స్టెప్నీ ఈసారి ఎమర్జెన్సీ నంబరుకి చేశాడు. ఉన్న అంబులెన్సు వేరే ప్రమాదానికి వెళ్లిందనీ, నలభై నిమిషాలైనా పడుతుందనీ చెప్పారు. రోడ్డు మధ్యకి వెళ్లి రెండు చేతులూ ఊపాడు. కార్లు హారన్ కొట్టి పక్కనుంచి పోయాయి. ఒక బస్సు ఆగుతున్నట్టే ఆగి, అతని గ్రీజు చేతులు చూసో ఏమో, పోయింది. పావుగంటకి ఒక చిన్న కారు ఆగింది. వెనక సీటంతా పెట్టెలు. ముందు సీటొక్కటే ఖాళీ.

"ఒక్కరినైతే దింపేస్తా" అన్నాడు కారాయన.

"టీచరమ్మా, రండి."

"వాణ్ణి ఎక్కించు" అంది ఆవిడ. "వాడి మొహం చూడు, నీలంగా అయిపోయింది. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారు. నాకేం, ఇంకో గంట కూర్చుంటాను."

"అమ్మా, మీకూ..."

"చెప్పింది చెయ్యి నాయనా."

టైలరు ఒక్క మాట కూడా మాట్లాడకుండా కారెక్కాడు. వద్దని మొహమాటానికైనా అనలేదు. తప్పు పట్టడానికీ లేదు, మాట్లాడే ఊపిరి అతనికి లేదు.

ఎండ ముదిరింది. వ్యాను రేకు కాలిపోతోంది. ఆవిడని నీడ వైపు కూర్చోబెట్టి, అట్టముక్కతో విసురుతూ, మధ్యమధ్య రోడ్డు మీదికి పరిగెత్తి చేతులు ఊపుతూ, మళ్లీ వెనక్కి వచ్చేవాడు. అంబులెన్సుకి మళ్లీ ఫోను చేస్తే వస్తోందన్నారు. ఒకసారి వచ్చేసరికి ఆవిడ ఎదురుగా వెళ్తున్న బండినే చూస్తూ, "నంబరు కనపడటం లేదు" అంది. అదే ఆవిడ అతనితో అన్న చివరి మాట.

గంట దాటాక కూరగాయల వ్యానొకటి ఆగింది. ఖాళీ బుట్టలు పక్కకి నెట్టి, ఆవిడని రెండు చేతుల మీద ఎత్తి పడుకోబెట్టి, తలని ఒళ్లో పెట్టుకున్నాడు. కేంద్రానికి చేరగానే పెద్దాసుపత్రికి పంపించేశారు. రక్తంలో పేరుకున్న లవణాలు గుండెని పట్టేశాయన్నారు. బుధవారం పొద్దున ఆవిడ పోయింది.

శుక్రవారం విచారణ. పెద్ద డాక్టరు, మేనేజరు, బల్ల మీద ఆ ట్రిప్ షీటు.

"ఈ టిక్కు ఎవరిది?"

"నాదే సార్."

"స్టెప్నీ లేదని తెలిసే పెట్టావా?"

"తెలుసు సార్. తీసింది మేనేజరుగారు. సాయంత్రం తెప్పిస్తా, వెళ్లమన్నారు."

మేనేజరు కళ్లజోడు తుడుచుకున్నాడు. "నేనలా ఎందుకంటాను సార్? రెండో వ్యానుకి ఎవరు మార్చుకున్నారో నాకు తెలీదు. డ్రైవర్లూ డ్రైవర్లూ సర్దుకుంటూనే ఉంటారు."

రెండో వ్యాను డ్రైవర్ని పిలిచారు. అతను నీళ్లు నమిలాడు. చక్రం అప్పటికే వ్యానుకి బిగించి ఉందన్నాడు, ఎవరు బిగించారో గుర్తులేదన్నాడు. అప్పుడు స్టెప్నీకి టైలరు గుర్తొచ్చాడు. "ఫోన్లో సార్‌తో మాట్లాడింది అతను విన్నాడు, అడగండి" అన్నాడు. టైలరు ఆ సమయంలో లోపల మెషీను మీదే ఉన్నాడు. డాక్టరు తనే వెళ్లి అడిగి వచ్చాడు.

"తనకి ఆ రోజు స్పృహ లేదంటున్నాడు. ఏమీ వినలేదట."

స్టెప్నీ ఇంకేమీ వాదించలేదు. నిర్లక్ష్యం వల్ల ఉద్యోగంలోంచి తీసేశామని కాగితం చేతిలో పెట్టారు.

టీచరమ్మ ఇంటికి వెళ్లాలా వద్దా అని మూడు రోజులు కొట్టుకులాడి, చివరికి వెళ్లాడు. కూతురు గేటు తీయలేదు. లోపల్నుంచే అడిగింది.

"ఒక్కటి చెప్పండి. చక్రం లేదని తెలిసే మా అమ్మని ఎక్కించుకున్నారా?"

మేనేజరు పేరు చెప్పొచ్చు. ఫోను సంగతి చెప్పొచ్చు. అన్నీ నాలిక చివరే ఉన్నాయి.

"తెలుసమ్మా" అన్నాడు.

"ఎక్కే ముందు ఆ మాట చెప్పుంటే, ఆటోలో నేనే తీసుకెళ్లేదాన్ని" అంది ఆమె. కేకలు వేయలేదు. శాపాలు పెట్టలేదు. లోపలికి వెళ్లి తలుపేసుకుంది. అది తిట్టు కాదు, అక్షరాలా నిజం. ఇన్నేళ్లు జాకీ, చెక్క, స్పానరు, అన్నీ సిద్ధం చేసుకున్నవాడికి ఒక్క మాట చెప్పడం తోచలేదు.

రెండు నెలలు ఎవరూ పని ఇవ్వలేదు. తర్వాత ఒక టైర్ల దుకాణంలో చక్రాలు ఊడదీసి బిగించే పని దొరికింది. అక్కడికి వచ్చిన ఓ డ్రైవరు ద్వారా తెలిసింది, డయాలిసిస్ కేంద్రంలో ఇప్పుడు డ్రైవర్ల గదిలో నియమాల బోర్డు పెట్టారట. బండి తీసే ముందు చూసుకోవాల్సిన పన్నెండు విషయాలు. కింద మేనేజరు సంతకం. పన్నెండూ తను రోజూ అరిచి చెప్పినవే.

ఒక ఆదివారం మధ్యాహ్నం టైలరు ఇంటికొచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు, ఎండలో. మనిషి ఇంకా చిక్కిపోయాడు.

"అన్నా, నేను విన్నాను" అన్నాడు. "ప్రతి మాటా విన్నాను. కానీ వారానికి మూడుసార్లు నాకా మెషీను కావాలి. ఆ మేనేజరే షిఫ్టులు వేసేది. పిల్లలు చిన్నవాళ్లు."

స్టెప్నీ అతని వైపు చూశాడు. ఆ మనిషి బతకాలని టీచరమ్మ తన సీటు ఇచ్చింది. బతికాడు. బతికున్నందుకు ఇంత ఖర్చయింది.

"లోపలికి రా. ఎండగా ఉంది" అన్నాడు.

టైలరు కూర్చుని నీళ్లు రెండు గుక్కలే తాగాడు, ఆ జబ్బుకి అంతకంటే తాగకూడదు. కొంచెంసేపుండి వెళ్లిపోయాడు.

కళ్లద్దాలు సర్దుకుంటూ భార్య లోపల్నుంచి వచ్చింది.

"ఎందుకు రానిచ్చారండీ వాణ్ణి?"

"ఎండలో నిలబడ్డాడు."

"ఆ రోజు బైపాసు మీద మీరు నిలబడలేదూ?"

అతను గ్లాసు తీసి, మిగిలిన నీళ్లు పెరట్లో పారబోసి, కడిగి బోర్లించాడు.