మండువలో తాగనివాడు

అన్నలు అడవిలో, పోలీసులు రోడ్డు మీద ఉన్న ఆ ఏండ్లలో, మా సిరిసిల్లలో కల్లు తాగని మగవాడు గాని, బీడీ కాల్చని మగవాడు గాని నా కంట పడలేదు. ఆడవాళ్ళూ ఏమీ తక్కువ కాదు. మా వాడకట్టు దోమలైతే మమ్మల్ని కుట్టి, తూలుతూ పోయి గోడకు గుద్దుకునేవి.

మరమగ్గాల సాంచెల మీద పగటి పాళీ దిగి, చెవుల్లో టకటక ఇంకా మోగుతుండగానే కల్లు మండువకు పోయేవాళ్ళం. ఎవరి సీసా వాళ్ళ ముందు. కథలు చెప్పడం నా వంతు.

"మానేరు ఏట్ల చేపలు మండువ కడిగిన నీళ్ళు తాగి, మత్తుల ఒడ్డు మీద పంటే గంపల ఎత్తుకచ్చిన" అనేవాణ్ణి. పక్క సాంచె నడిపే మా బావ తొడ చరుచుకుని నవ్వేవాడు. భార్య పోయాక ఇంట్లో నాతో మాట్లాడే మనిషి లేదు. ఆ నవ్వు కోసమే పోయేవాణ్ణి.

ఒక ఎండాకాలం దగ్గులో నెత్తురు పడింది. బతకాలంటే బీడీ, కల్లు రెండూ బందు చెయ్యమన్నాడు డాక్టరు. చేశాను. కాని సాయంత్రం కాగానే కాళ్ళు మండువకే నడిచాయి. గోలీసోడా పట్టుకుని కూర్చున్నాను. నన్ను చూసి చుట్టూ వాళ్ళ మాటలు ఆగిపోయాయి.

అన్నలకు ఎవరు అన్నం పెట్టారో, ఎవరు బియ్యం పంపారో, మత్తులో నోరు జారేది అక్కడే మరి.

"ఏందిరా, తాగకుంట కూసున్నవ్?" అన్నాడు ఒక పెద్దమనిషి. "మా మాటలు ఎవలకు మోసుకపోతవ్?"

"నా దగ్గు మోసుకపోవుడే చాతనైతలేదు మామా."

ఎవరూ నవ్వలేదు. బావ కూడా బీడీ కొస చూస్తూ ఉండిపోయాడు.

పోలీసుల ఇన్ఫార్మరని పేరు పడ్డవాడు ఆ ఏండ్లలో ఎక్కువ రోజులు కనపడేవాడు కాదు. కొన్నాళ్ళు మండువ మానేశాను. కాని ఇంట్లో గోడలకు ఎన్ని కథలని చెప్పను?

చివరికి నూలుకు పెట్టే గంజిలో నీళ్ళు కలిపి కల్లు సీసాలో పోశాను. చూస్తే అచ్చం కల్లే. అంగీ మీద నాలుగు చుక్కలు అసలు కల్లు చల్లుకుని, నాలుక మడతపెట్టి మాట్లాడుతూ మండువలో అడుగుపెట్టాను.

"అచ్చిండురా మనోడు!" అంటూ ఆ పెద్దమనిషే జరిగి చోటిచ్చాడు.

చేపల కథ మళ్ళీ ఎత్తుకున్నాను. చేపలింకా ఏట్లోనే ఉన్నాయి, అందరూ అప్పుడే నవ్వేశారు. తాగకుండా వింటేనే తెలిసింది, నా కథ ఎవరూ వినడం లేదని.

పొద్దుపోయాక బావ నా భుజం మీద చెయ్యేసి నడిపించుకుపోయాడు. నిజంగా తూలేది అతను. గల్లీ మలుపులో ఆగి ఏడ్చాడు.

"బావా, నువ్వు రాని దినాలు నాకు బువ్వ సయించలే. నిన్ను గట్ల అంటుంటె నోరు మెదపకపోతి. బయమైంది. నాకు నువ్వు గాక ఎవలున్నరే?"

నాకూ అంతే అని చెప్పాలని గొంతుదాకా వచ్చింది. సాఫుగా మాట్లాడితే తాగలేదని తెలిసిపోతుంది. "ఊఁ" అన్నాను.

మర్నాడు సాంచె దగ్గర బావ తల గోక్కుంటూ నవ్వాడు.

"నిన్న మస్తయినట్టున్నది బావా. ఇంటికెట్ల పోయిన్నో ఏం యాదికి లేదు."

"నాకు గూడ లేదు" అన్నాను.

అతను స్విచ్చు వేశాడు. సాంచెలు మొదలయ్యాయి.