మక్కా కరెంటు నూటపదన్న మాట

మా ఆవిడ ఆయాసానికి ఆవిరి పట్టే నెబ్యులైజర్‌ను మక్కాలో కాల్చేశారు. మిషనులో లోపం లేదు, అక్కడి కరెంటులోనూ లోపం లేదు. మధ్యలో పెట్టకూడని పెట్టె ఒకటి పెట్టారు. పెట్టమని చెప్పింది మమ్మల్ని ఉమ్రా యాత్రకు పంపించిన తెనాలి ట్రావెల్స్ ఆయన.

నాది రేపల్లె. బతుకంతా దర్జీ పని చేశాను. బడి చదువు ఐదో తరగతితో ఆగింది. కరెంటు సంగతి మాత్రం కుట్టుమిషను మోటారు పుణ్యమా అని నేర్చుకోవలసి వచ్చింది. ఎండాకాలం వోల్టేజి పడిపోతే మోటారు మూలిగేది. ఒక్కోసారి ఉన్నట్టుండి పెరిగి కాలిపోయేది. రెండో మోటారు కూడా కాలిపోయాక పాత పాఠ్యపుస్తకాలు కొనుక్కుని కూర్చున్నాను. అప్పటినుంచి ఏ వస్తువు చేతికొచ్చినా ముందు వెనక్కి తిప్పి దాని మీద రాసింది చదువుతాను. మా ఇంట్లో దీన్ని జబ్బంటారు.

ప్రయాణానికి ముందు మా గ్రూపు మొత్తాన్ని బాపట్లలో ఒక ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టారు. ఇహ్రాం బట్టలు ఎలా కట్టుకోవాలి, ఏ దువా ఎక్కడ చదవాలి, అన్నీ ట్రావెల్స్ ఆయన బాగానే చెప్పాడు. చివర్లో కరెంటు దగ్గరికొచ్చాడు.

"అక్కడ కరెంటు నూటపది వోల్టులండి. మన సామాను పనిచెయ్యదు. మిషన్లు తెచ్చుకునేవాళ్లు కన్వర్టర్ తీసుకోండి. మా ఆఫీసులోనే దొరుకుద్ది."

నేను లేచి నిలబడ్డాను. "మనం దిగే హోటలుకి ఫోన్ చేసి అడిగావా నాయనా?"

"మా నాన్న కాలం నుంచి పంపిస్తున్నాం చాచా. వెళ్లొచ్చిన హాజీలందరూ నూటపదే అన్నారు."

"మీ నాన్న కాలంలో నిజమే. నేనడిగేది ఇప్పటి సంగతి."

"కూర్చోండి చాచా. ఇది లాల్చీకి కొలతలు తియ్యడం కాదు."

హాలంతా నవ్వింది. ఆడవాళ్ల వైపు నుంచి మా ఆవిడ నవ్వు కూడా వినపడింది.

ఆయన చెప్పింది ఒకప్పుడు అబద్ధం కాదు. నా చిన్నతనంలో మా వీధి హాజీగారు ఒకాయన అక్కడినుంచి టేప్‌రికార్డర్ తెచ్చుకున్నారు. వీధి వీధంతా వినడానికి కూర్చుంటే, మన గోడ ప్లగ్గులో పెట్టగానే పొగ వచ్చింది. అది నూటపది వస్తువు, మనది రెండొందల ఇరవై. ఆ రోజు నుంచి మా పేటలో మక్కా కరెంటంటే నూటపదే. వెళ్లబోయేవాళ్లను చూడటానికి వెళ్లొచ్చినవాళ్లు వస్తారు, తమకు తెలిసిన జాగ్రత్తలు చెప్పిపోతారు. మా వాళ్లలో ఆనవాయితీ అది, మంచిదే. కానీ ఈలోగా అక్కడ పాత ఇళ్లు పోయి కొత్త హోటళ్లు లేచాయి. కరెంటు మారింది. మాట మారలేదు.

ఇందులో గొప్ప చదువేమీ లేదు. అడాప్టర్ అనేది మన ప్లగ్గుకు అక్కడి గోడ రంధ్రాలకు పొత్తు కుదిరిస్తుంది, అంతే. కరెంటును ముట్టుకోదు. వాళ్లిచ్చిన కన్వర్టర్ నూటపదిని రెండు రెట్లు చేసే పెట్టె. ఫోను చార్జరు వెనక వంద నుంచి రెండొందల నలభై అని రాసుంటుంది, దానికి ఎక్కడికెళ్లినా అడాప్టర్ చాలు. మా నెబ్యులైజర్ మీద రెండొందల ముప్ఫై అని మాత్రమే ఉంది. కాబట్టి ముందు హోటల్లో ఎంతో తెలుసుకోవాలి, తర్వాతే ప్లగ్గు పెట్టాలి. నేను తెనాలి బజారులో మూడు పలకల పిన్నుల అడాప్టర్ కొని జేబులో వేసుకున్నాను. మా ఆవిడ కన్వర్టర్ కూడా తీసుకుంది. "అందరూ తీసుకుంటుంటే నేనొక్కదాన్నీ వద్దంటే ఏం బాగుంటుందండి?" అంది.

మక్కాలో ఆడవాళ్లకు ఒక గది, మగవాళ్లకు ఒక గది ఇచ్చారు. భార్యాభర్తలైనా అంతే, గ్రూపుల్లో పద్ధతి అది. దిగిన రోజు సాయంత్రం మా ఆవిడకు ఆయాసం వచ్చింది. నేను కింద భోజనాల దగ్గర ఉన్నాను. గదిలోవాళ్లు పాపం మేలు చేద్దామనే కన్వర్టర్ తగిలించి, దానికి నెబ్యులైజర్ తగిలించారు. గోడలో ఉన్నది రెండొందల ఇరవై. పెట్టె దాన్ని రెట్టింపు చేసింది. ఒక్క గుర్రు, కాలిన వాసన, అంతే.

దగ్గర్లోని క్లినిక్కులో ఆవిరి పెట్టించి ఊపిరి నిలబెట్టాం. రెండు రోజులు కాబా చుట్టూ తిరిగే తవాఫ్‌కు రాలేకపోయింది. అంతదూరం వెళ్లి, కిటికీలోంచి మినార్లు చూస్తూ పడుకుంది. నాకు కాలింది మిషను గురించి కాదు.

తిరిగొచ్చాక తెనాలి వెళ్లి మాడిన మిషను ఆయన బల్ల మీద పెట్టాను.

"అయ్యో చాచా! కొత్తది ఇప్పిస్తాను, ఇప్పుడే."

"కొత్తది వద్దు. నూటపదన్న మాట వెనక్కి తీసుకో. కొత్త గ్రూపులో కర్లపాలెం నుంచి మా ఆవిడ అక్క వెళ్తోంది. ఆవిడకూ ఆయాసమే."

"ఆవిడకి మీరు చెప్పండి, సరిపోద్ది."

చెప్పకుండా ఉన్నానా? చెప్తే మా వదిన ఏమందో తెలుసా? "మీరు ఒక్కసారి వెళ్లారు మరిదిగారూ. ఆయన నెలనెలా పంపుతున్నాడు. మా చెల్లి మిషను పాతదైపోయి ఉంటుంది." అప్పటికే కన్వర్టర్ కొని సూట్‌కేసులో పెట్టేసింది కూడా. ఆయన నోటితో చెప్తే తప్ప ఆ పెట్టె బయటికి రాదు.

మర్నాడు మళ్లీ రేపల్లెలో బండెక్కాను. ఆ తర్వాత రోజూ ఎక్కాను. ఆఫీసులో ఎవరు డబ్బు కట్టడానికొచ్చినా పక్కన కూర్చుని, "ఏ హోటలో అడగండి, కరెంటు ఎంతో అడగండి" అనేవాణ్ణి. ఆయన టీ తెప్పించాడు. తర్వాత మానేశాడు. "మీ ఉమ్రా కబూల్ అయింది కదా చాచా, ఇంకా ఏంటి మీ బాధ?" అన్నాడు. "బాపట్ల మీటింగుకు కూడా వస్తాను. మైకు ఇవ్వకపోయినా గొంతుంది" అన్నాను.

"మీకు పని లేదు, ఆయనకి దిక్కు లేదు" అంది మా ఆవిడ. కానీ మీటింగు ముందురోజు నా లాల్చీ ఇస్త్రీ చేసి పెట్టింది.

ఆ సాయంత్రం ఫోనులో ఆయన గొంతు వచ్చింది. అక్షరం మార్చకుండా రాస్తున్నాను:

"అస్సలాము అలైకుం చాచా. హోటలుకి ఫోన్ చేశానండి. రెండొందల ఇరవయ్యేనంట. గ్రూపులో అందరికీ చెప్పేశా, కన్వర్టర్లు వెనక్కిచ్చేయమన్నా. కర్లపాలెం ఖాలా ఇచ్చేసింది, మీ మీద ఒట్టు. ఈసారి గ్రూపుతో నేనూ వెళ్తున్నా, ఆవిడ మిషను అక్కడ నేనే దగ్గరుండి పెట్టిస్తా. మీరు మాత్రం రేపు బండెక్కకండి."