రెండు పళ్ళూ, ఒక రూలూ

మొన్న అరసవల్లిలో మా బావ ఇంటికి వెళ్ళేసరికి, బడి సాఫ్ట్‌బాల్ జట్టుకి ఎంపికైన ఆయన మనవరాలు ముఖానికి ఇనుప జాలీ ఉన్న హెల్మెట్ పెట్టుకుని హాల్లో తిరుగుతోంది. బావంటే మా మేనత్త కొడుకు. ఆయన భార్యని నేను అక్క అంటాను. అక్క వంటింట్లో ఉందని చూసుకుని బావ నా చెవిలో, "ఆటన్నాక దెబ్బ తగలాలిరా. ఇదేటి, యుద్ధానికెల్తన్నట్టు" అన్నాడు. అక్క వినేలా ఆ మాట అనే ధైర్యం ఆయనకి లేదు. ఎందుకు లేదో నాకు తెలుసు.

నరసన్నపేట దగ్గర మా ఊళ్ళో కోతలయ్యాక వరిమళ్ళే మాకు క్రికెట్ మైదానం. కార్కు బంతి దుబ్బులకి తగిలి ఎటు లేస్తుందో దానికే తెలియదు. ఎవరికైనా దెబ్బ తగిలిన మర్నాడే నేనొక కొత్త రూలు తెచ్చేవాణ్ణి. బంతి వేగంగా వేయకూడదన్నాను, కీపరు వికెట్లకి పదడుగులు వెనక నిలబడాలన్నాను. కీపరు మా బావే. గట్టు మీద కూర్చోబెట్టి, గంటసేపు వాదించి, అందరిచేతా చేతులెత్తించి ప్రతి రూలూ ఓడించేవాడు. ఈలోగా పొద్దు వాలిపోయేది. ఆయన పెళ్ళిచూపుల ముందురోజు, రేపు పిల్లని చూడబోయేవాడు ఇవాళ కీపింగ్ చేయరాదని ప్రతిపాదించాను. అదీ ఓడింది. వెళ్ళి వికెట్ల వెనక నిలబడ్డాడు. మూడో బంతికే పైపళ్ళు రెండు ఊడి చేతిలోకొచ్చాయి.

అది ఆషామాషీ సంబంధం కాదు. శివరాత్రికి శ్రీముఖలింగంలో ఆ అమ్మాయిని చూసి, మూడు నెలలు పెళ్ళిళ్ళ పేరయ్య చుట్టూ తిరిగి సాధించుకున్నది. మర్నాడు పెళ్ళిచూపుల్లో బావ నోరు విప్పలేదు. కుర్రాడు నెమ్మదస్తుడని ఆడపెళ్ళివారు మురిసిపోయారు. అంతలో జంతికలు వచ్చాయి. వాళ్ళింట్లో పెట్టింది ముట్టకపోతే సంబంధం వద్దన్నట్టే. బావ కసాయిని చూసిన మేకలా నా వంక చూశాడు. ఆయన పళ్ళెంలోవి ఒక్కొక్కటీ తీసి నా జేబులో వేసుకోవడం మొదలుపెట్టాను. నాలుగోది వేస్తూ తలెత్తితే, ఎదురుగా మంచినీళ్ళ గ్లాసుతో పెళ్ళికూతురు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"అవి వదిలీండి, ఉప్మా తెస్తాను. మా అన్నకీ బంతి తగిలి పళ్ళు ఊడిపోనాయి, అప్పుడు అన్నా ఇలాగే మూతి బిగించుకుని కూకున్నాడు" అంది నాతో. తర్వాత నేరుగా బావతోనే, "నాకిష్టమే గానీ, ఇంకమీదట మొకానికి ఏదోటి ఎట్టుకునే ఆడాల" అంది. బావ అన్నీ మరిచిపోయి నోరంతా తెరిచి నవ్వాడు. ఆ సందుని పెద్దలందరూ చూశారు. అందరికంటే ముందు నవ్వింది ఆమె తండ్రే.

పెళ్ళయ్యాక బావ స్కూటరు హెల్మెట్ పెట్టుకుని కీపింగ్ చేశాడు. లోపల ఏమీ వినిపించక, అందరూ ఇంటికి వెళ్ళిపోయినా వంగునే ఉండేవాడు. ఆ రూలు మీద ఓటింగు పెట్టమని మాత్రం అడగలేదు. ఆ మళ్ళు ఇప్పుడు ఇళ్ళ స్థలాలయ్యాయి, వాదించుకోవడానికి మేమిద్దరమే మిగిలాం. ఆట మానేసి వాదనలతో పాడుచేసుకున్న ఆ సాయంత్రాలే, ఇన్నేళ్ళకి చూసుకుంటే, నేను బాగా బతికిన కాలమనిపిస్తుంది.