తప్పిపోయిన బీరువాలూ, మైకు బాబాయీ

మైకు బాబాయ్‌కి ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. సభలకీ పెళ్ళిళ్ళకీ మైకు సెట్టు అద్దెకిస్తాను కాబట్టి అలా పిలుస్తారని ఆయన అనుకునేవాడు. ఆయన గొంతే మైకు కాబట్టి అని వీధి అనుకునేది. ఇంట్లో ఉప్పు నిండుకుందని భార్యతో చెబితే, నాలుగిళ్ళ అవతల ఎవరో ఉప్పు డబ్బా మూత తీసేవారు.

ఎదురింటి టైలరక్కకీ ఆయనకీ క్షణం పడేది కాదు. ఆమె కుట్టుమిషన్ ముందు కూర్చోగానే ఈయన "హలో, వన్, టూ, త్రీ" అని మైకు పరీక్ష మొదలుపెట్టేవాడు.

"మూడు తర్వాత ఏమొస్తుందో నేర్చుకుని అప్పుడు మోగించు బాబాయ్!" అని ఆమె కిటికీలోంచి కేకేసేది.

ఏరు కట్ట తెంచుకుని ఊరి మీద పడిన మధ్యాహ్నం, జనమంతా ఎత్తు మీదున్న బడికి పరుగెత్తారు. బాబాయ్ ఆంప్లిఫైరు నెత్తిన పెట్టుకుని, బాకా చంకన ఇరికించుకుని నీళ్ళలో దిగాడు.

"బియ్యం ఏవండీ?" అంది పిన్ని.

"నువ్వు తెస్తున్నావనుకున్నానే!"

"నా నెత్తిన బట్టల మూట కనబడట్లేదా?"

"నా నెత్తిన ఇది కనబడట్లేదా?"

నడుంలోతు నీళ్ళలో నిలబడి ఆ దంపతులు దెబ్బలాడుకుంటుంటే, వెనకాల వస్తున్న తాపీమేస్త్రి ఇద్దర్నీ చెరో రెక్కా పట్టుకుని ఒడ్డుకి లాక్కెళ్ళాడు.

ప్రాణాలైతే అందరివీ దక్కాయి. నీళ్ళు తీశాక జనం ఇళ్ళకి వెళ్ళి చూసుకున్నారు. కొన్ని ఇళ్ళకి గోడల్లేవు, కొన్నిటికి కప్పుల్లేవు. అన్నిటికీ బురద ఉంది. పైగా ఏరు పోతూ పోతూ సామాన్లన్నీ తారుమారు చేసింది. ఒకరి మంచం ఇంకొకరి పెరట్లో తేలింది. ఒక్క అల్యూమినియం గిన్నె కోసం ఇద్దరు తోడికోడళ్ళు చెరో అంచూ పట్టుకుని, అత్తగారి మీదున్న పాత కోపాలు కూడా అందులోనే కలిపి తిట్టుకుంటున్నారు.

బాబాయ్ ఆటో బ్యాటరీ ఒకటి అడిగి తెచ్చి, బడి గోడ మీద బాకా కట్టాడు.

"ఊరి జనులారా! కిరాణా కొట్టాయన ఇంటికి ఒక నీలం బీరువా చుట్టపు చూపుగా వచ్చింది. తలుపు తీయట్లేదు, పలకరిస్తే మాట్లాడట్లేదు. దాని తాలూకు వాళ్ళు వచ్చి తీసుకుపోవలెను!"

నీళ్ళొచ్చాక ఆ ఊళ్ళో మొదటిసారి ఎవరో నవ్వారు.

ఇక ఆయన ఆగలేదు. "మేస్త్రి ఇంటి గుమ్మంలో బండరాయి పడింది. ముగ్గురు బలవంతులు కావాలి. బలం లేనివాళ్ళు సలహాలివ్వకుండా ఉంటే అదే సాయం!" అనేవాడు. పారలతో కొందరు, తట్టలతో కొందరు కదిలేవారు. ఒక ఇంట్లో బురద ఎత్తాక అందరూ కలిసి పక్కింట్లో దూరేవారు.

టైలరక్క మాత్రం కూలిన ఇంటి మెట్టు మీద కదలకుండా కూర్చుంది. బాబాయ్ మైకు వదిలి ఆమె దగ్గరకొచ్చాడు.

"ఏం పోయిందే అమ్మా?"

"మిషన్ పోయింది బాబాయ్. గోడలు లేస్తాయి. అది నా చెయ్యి."

ఆయన నేరుగా మైకు దగ్గరకి వెళ్ళాడు. ఈసారి ఒక్క వేళాకోళమూ లేకుండా, "మన టైలరక్క మిషన్ కనబడట్లేదు. బురదలో ఇనుము తగిలితే చూడండి" అని మాత్రం అన్నాడు. సాయంత్రానికల్లా చెరకు తోట గట్టు దగ్గర మిషన్ దొరికింది. సైకిల్ షాపాయన దాన్ని విప్పి, కిరసనాయిలుతో కడిగి, నూనె పోశాడు. చక్రం గర్రున తిరిగితే టైలరక్క ఏడుస్తూనే నవ్వింది.

మర్నాడు ప్రకటనల మధ్యలో బాకాలోంచి ఆడగొంతు వినబడింది.

"నేను మైకు బాబాయ్ పెళ్ళాన్ని మాట్లాడుతున్నా. మా ఇంట్లో మోకాటి లోతు బురద. వెనక గోడ పడిపోయింది. మా ఇంటాయన తప్పిపోయాడు. చామనఛాయ, బట్టతల, నోరు పెద్దది. దొరికినవాళ్ళు తెచ్చి అప్పగించగలరు."

ఊరు ఊరంతా పారలు పట్టుకుని వచ్చింది. మేస్త్రీ, కిరాణా కొట్టాయనా కలిసి బాబాయ్‌ని అమాంతం ఎత్తుకొచ్చి పిన్ని ముందు దింపారు.

"ఇతనేనా పిన్నీ? సరిగ్గా చూసుకో."

"ఇతనే. ఇంత శుభ్రంగా ఉన్నాడంటే ఇతనే."

పార ఆయన చేతికిచ్చారు. మైకు టైలరక్క అందుకుంది. "బాబాయ్ మొదటి పార ఎత్తాడు. నడుం పట్టుకున్నాడు. పిన్ని చూసింది. మళ్ళీ ఎత్తాడు!" ఆమె చెబుతుంటే పనిచేసేవాళ్ళు నవ్వలేక పారలు వదిలేశారు. పొద్దు వాలేలోగా బురద పోయింది. పడిపోయిన ఇళ్ళ ఇటుకలేరి మేస్త్రి గోడ లేపడం మొదలుపెట్టాడు. అరచేతుల బొబ్బలు ఊదుకుంటూ బాబాయ్ భార్య పక్కన కూర్చున్నాడు.

"చెప్పచ్చు కదే, ఒక్కదానివే అవస్థ పడకపోతే?"

"ఎప్పుడు చెప్పను? మీరు ఊపిరి తీసుకుంటేగా!"

సామాన్లన్నీ ఇళ్ళకి చేరాక బడి అరుగు మీద ఒక చెక్క గుర్రం మిగిలిపోయింది. ఎన్నిసార్లు పిలిచినా ఎవరూ రాలేదు.

"ఇది మన ఊరిది కాదేమో. ఎగువ నుంచి కొట్టుకొచ్చుంటుంది" అన్నాడు మేస్త్రి.

ఎగువ ఊరు కూడా మునిగిందన్న సంగతి అప్పుడు తట్టింది అందరికీ. తెల్లారి ఒక లారీ మాట్లాడుకుని పారలూ, తట్టలూ, బియ్యం మూటలూ ఎక్కించారు. బియ్యం దగ్గరుండి ఎక్కించింది పిన్నే. బాబాయ్ గుర్రాన్ని ఒళ్ళో పెట్టుకుని లారీ వెనక కూర్చున్నాడు.

గుర్రం ఎవరిదో అక్కడా తేలలేదు. ఆ ఊరి పిల్లలు మాత్రం వంతులేసుకుని ఎక్కి, దిగమంటే దిగలేదు. దాన్ని వాళ్ళకే వదిలేసి, బాబాయ్ ఎవరూ చెప్పకుండానే పార అందుకున్నాడు.