విశ్వనాథం సేటు కారు తోక విసిరిన వానాకాలం

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో వానాకాలంలో, పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఒక ప్రైవేటు వర్క్‌షాపులో నేను చాసిస్ విభాగం ఇన్‌చార్జిని. ఖరీదైన కార్లకు స్ప్రింగులు, చక్రాలు, అలైన్‌మెంటు సరిచేయడం మా విభాగం పని. నా పైన సేల్స్ మేనేజరు, ఆయన పైన యజమాని. కారుకు ఏం కావాలో నేను చెప్పేదాన్ని, కస్టమరుకు ఏం అమ్మాలో మేనేజరు చెప్పేవాడు. రెండూ ఒకటైన రోజున వర్క్‌షాపులో అందరి ముఖాలూ వెలిగిపోయేవి. అలాంటి రోజులు అరుదు.

నేను బడికి వెళ్లి పెద్దగా చదివినదాన్ని కాను. మా నాన్నగారు గోదావరి జిల్లా నుంచి ప్రభుత్వ రంగ కర్మాగారంలో ఫిట్టరుగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. చిన్నప్పుడు జబ్బుచేసి నేను బడి మానేస్తే, లెక్కలు, డ్రాయింగు, మైక్రోమీటరు పట్టడం ఇంట్లోనే నేర్పారు. పరీక్షలన్నీ ప్రైవేటుగా రాశాను. ఇప్పటికీ పొద్దున్నే దీపం వెలిగించి దేవుడికి దండం పెట్టాక, ఆ పక్కనే ఆయనకూ ఒకటి పెట్టుకుంటాను.

ఆ ఆషాఢంలో విశ్వనాథం సేటు కారు మా దగ్గరికి వచ్చింది. సంగారెడ్డిలో వారిది విత్తనాలు, ఎరువుల దుకాణం. ఇంద్రేశం వైపు ప్లాట్లు వేశాక జర్మనీ కారు కొన్నారు. ఆరు సిలిండర్ల ఇంజను, దాని బలమంతా వెనక చక్రాలకే. ఇలాంటి కారులో వెనక టైర్లు కారును ముందుకు తోయాలి, మలుపులో పక్కకు జారకుండా కూడా పట్టుకోవాలి. టైరుకు రోడ్డు మీద ఉండే పట్టు ఇంతే అని ఒక హద్దు ఉంటుంది. అంతా తోయడానికే ఖర్చయితే పట్టుకోవడానికి ఏమీ మిగలదు. అప్పుడు కారు వెనక భాగం బయటికి విసురుతుంది. దాన్ని మేం తోక విసరడం అంటాం.

వాన పడితే చాలు, సేటు కారు సర్వీసు రోడ్డు మలుపులో తోక విసురుతోంది. ఒకసారి గిర్రున తిరిగి మిర్చి బజ్జీల బండికి జానెడు దూరంలో ఆగింది. బజ్జీలవాడు అలవాటు కొద్దీ ఎన్ని కట్టమంటారని అడిగాడట. సేటు మాత్రం అప్పటికే తీర్పు చెప్పేశారు. తప్పు డ్రైవరుది.

డ్రైవరు సత్తయ్యది కొండాపూర్ మండలం. సేటు దగ్గరే ట్రాక్టరు తోలాడు, తరువాత సరుకుల డీసీఎం వ్యాను నడిపాడు, ఇప్పుడు ఈ కారు. భార్యా పిల్లలతో సేటు ఇంటి వెనక గదిలో ఉంటాడు. నౌకరీ పోతే ఆ గదీ పోతుంది.

"అమ్మా, కారు మంచిగున్నదని మీరు ఒక్క మాటంటే సాలు, గా దినమే నన్ను ఎల్లగొడతడు," అన్నాడు తాళంచెవి నా చేతిలో పెడుతూ. "కొత్త డ్రైవర్‌ను గూడ మాట్లాడిండు."

కారును లిఫ్టు మీదికెత్తి చూశాను. అడుగు నుంచి చూస్తే అది మా వర్క్‌షాపు కేటలాగులా ఉంది. అంతకుముందు నేను సెలవులో ఉండగా, మేనేజరు అమ్మినవన్నీ మావాళ్లు దీనికి తగిలించారు. కారు నేలకు ఒదిగి కనబడాలని పొట్టి స్ప్రింగులు వేశాం. దాంతో చక్రం పైకి లేవడానికి చోటు లేక, చిన్న గుంట వచ్చినా లోపలి రబ్బరు గుండుకు కొట్టుకుంటోంది. వెనక రెండు చక్రాలనూ కలుపుతూ యాంటీ రోల్ బార్ అనే ఇనుపకడ్డీ ఉంటుంది. లావుపాటిది తెప్పించి, దాన్ని మరీ బిగువైన స్థానంలో బిగించాం. బిగువు మితిమీరితే మలుపులో లోపలి వెనక చక్రం తేలికై గాలిలో తిరుగుతుంది. వెనక చక్రాల ముందు అంచులు కొద్దిగా లోపలికి చూస్తుండాలి. స్ప్రింగులు మార్చాక అలైన్‌మెంటు చూడలేదేమో, ఇవి మాటల్లేని తోడికోడళ్లలా చెరో దిక్కు చూస్తున్నాయి. పైగా, చూపుకు వెడల్పుగా ఉండాలని వేసిన గట్టి రబ్బరు టైర్లలో గాలి రాయిలా నింపి ఉంది.

డిక్కీ తెరిస్తే మొక్కజొన్న విత్తనాల బస్తాలు.

"సేటు ఏయించిండమ్మా," అన్నాడు సత్తయ్య. "ట్రాక్టరు టైర్లల్ల నీళ్లు నింపుతం గద, బరువుకు నేలను పట్టుకుంటదని. గట్లనే దీనికి గూడ."

ట్రాక్టరుకు నిజమే. నీళ్ల బరువు చక్రంలోనే ఉంటుంది. డిక్కీలో వేసిన బస్తా ఇరుసుకు వెనక వేలాడుతుంది. తిన్నగా పోయేటప్పుడు కొంత మేలే గాని, కారు ఒకసారి జారడం మొదలైతే ఆ బరువే దాన్ని ఇంకా విసిరేస్తుంది. చక్రాలు జారకుండా ఇంజను జోరును తగ్గించే ఎలక్ట్రానిక్ ఏర్పాటు కారులో ఉంది, కానీ అది ఆఫ్ చేసి ఉంది. అది పనిచేసినప్పుడల్లా పసుపు లైటు మినుకుమినుకుమంటోందని, ముహూర్తానికి బయల్దేరినప్పుడు అలా మినుకుమనడం మంచిది కాదని సేటు ఆపించారట.

పెట్టినవన్నీ తీసేయాలని చెప్పాను. మేనేజరు ముఖం చిన్నబోయింది.

"తీసేదానికి బిల్లు ఎట్ల ఏస్తం మేడం? పెట్టింది మనమే గద! వెనక డిక్కీ మీద ఓ స్పాయిలర్ రెక్క పెడదాం. సేటు సార్‌కు కూడా మనసుంది."

యజమాని ఇంకా ముందుచూపు గల మనిషి. డ్రైవరు తప్పని తేలితే మన ఫిట్టింగులకు మచ్చ రాదు కదా అన్నారు. సత్తయ్య తప్పు చేశాడన్న విషయంలో అమ్మినవారికీ కొన్నవారికీ అంత సఖ్యత కుదరడం చూసి నాకు ముచ్చటేసింది. ముందు పరీక్ష చేద్దాం, తరువాతే తీర్పు అన్నాను. ఆ మాటకు ఎవరూ అడ్డు చెప్పలేకపోయారు. అది దైవకృపే.

భానూర్ దారిలో మూతపడిన ఒక ఫ్యాక్టరీ కాంక్రీటు ఆవరణను అనుమతితో తీసుకున్నాం. మధ్యలో మేకు కొట్టి, తాడు కట్టి, సున్నంతో పెద్ద వృత్తం గీశాను. ట్యాంకరుతో తడిపించాం. సేటు, మేనేజరు కూడా చూడటానికి వచ్చారు. ఆ గీత వెంట కారును తిప్పుతూ మెల్లమెల్లగా వేగం పెంచాలి. పట్టు తప్పినప్పుడు ముందు భాగం జారితే స్టీరింగు మొరాయిస్తుంది, డ్రైవరు తేరుకుంటాడు. వెనక భాగం జారితే తేరుకునే వ్యవధి ఉండదు.

వాచ్‌మన్ సున్నం గీత చూసి చెప్పులు విడిచి నిలబడ్డాడు. "హోమమా అమ్మా?" అని అడిగాడు.

సత్తయ్య తిప్పిన రెండో చుట్టులోనే, పెద్ద వేగం లేకుండానే కారు తోక విసిరింది.

"చూసిండ్రా? ఆని కాలే బరువు!" అన్నారు సేటు. "దిగురా. ఎట్ల తోలాల్నో నేను చూపిస్త."

బెల్టు పెట్టుకునేదాకా కారు కదలనివ్వలేదు నేను. మొదటి చుట్టు దర్జాగా తిరిగారు. కిటికీలోంచి చెయ్యి కూడా ఊపారు. ఆ చెయ్యి లోపలికి వెళ్లేలోపు కారు బొంగరంలా తిరిగి, ట్యాంకరు వైపు ముఖం పెట్టి ఆగింది. డిక్కీలో బస్తా పగిలింది. మేనేజరు మబ్బులను పరిశీలించసాగాడు. సేటు దిగి, చెప్పుతో నేలను రుద్ది చూసి, "నేల మంచిగ లేదు," అన్నారు. ఎవరికీ దెబ్బ తగలనందుకు మనసులోనే దేవుడికి మొక్కుకున్నాను.

"దుక్కి దున్నేటప్పుడు ట్రాక్టరు వెనక టైర్లలో గాలి ఎట్లా ఉంచుతారు సేటు గారూ?" అని అడిగాను.

"జెర దించుతం. టైరు పరుసుకోవాలె గద, గప్పుడే పట్టు దొరుకుతది."

"మరి దీనికెందుకు అంత నింపించారు?"

"అది పొలంల తిరిగేది మేడం, ఇది నలుగుర్ల తిరిగేది. టైరు మెత్తగ గానొస్తె ఏం ఇజ్జత్?" అన్నారు. ఆ మాట ఆయనకే ఎలాగో వినిపించినట్టుంది. సత్తయ్య వంక ఒకసారి చూసి, "ఇగ మీ ఇష్టం. ఏం చేస్తరో చెయ్యుండ్రి," అన్నారు.

బస్తాలు దించాం. కంపెనీ స్ప్రింగులు, కంపెనీ కడ్డీ తిరిగి బిగించాం. వెనక చక్రాల చూపు లోపలికి తిప్పాం. కంపెనీ చెప్పిన కొలతలో మెత్తటి రబ్బరు టైర్లు వేసి, డోరు అంచున రాసి ఉన్నంత గాలే పెట్టాం. ఎలక్ట్రానిక్ ఏర్పాటు సాయంతో తప్పు దాగిపోకూడదని దాన్ని పరీక్ష అయ్యేదాకా ఆపే ఉంచి, తరువాత ఆన్ చేశాం. పసుపు లైటు కూడా దీపమే కదా అని సేటుతో అన్నాను.

అదే గీత మీద, అంతే తడిలో, సత్తయ్య మళ్లీ తిప్పాడు. ఈసారి సేటు వెనక సీట్లో కూర్చున్నారు. మునుపటి వేగం దాటింది, ఇంకా పెరిగింది. చివరికి ముందు చక్రాలు కొద్దిగా గీత దాటాయి. సత్తయ్య కాలు తేలిక చేయగానే కారు బుద్ధిగా గీత మీదికి వచ్చింది.

సేటు దిగుతూనే, "ఏం పెట్టిండ్రు మేడం?" అన్నారు.

"ఏమీ పెట్టలేదండీ. పెట్టినవి తీశాం."

ఆయన ముఖం వాడిపోయింది. "గంత పెద్ద కారుకు ఏం పెట్టకపోతె ఎట్ల? నల్గురు అడుగుతరు గద!"

మేనేజరు చప్పున ముందుకొచ్చాడు. "సార్, ఇది ఒరిజినల్ జర్మన్ సెట్టింగ్. అందరికీ ఇయ్యం."

సేటు తృప్తిగా తల ఊపారు. మేం తీసిన కడ్డీని మేనేజరు తుడిచి మా షోరూములో, కొత్తగా వచ్చే కస్టమర్లకు కనబడేటట్టు పెట్టాడు.

సత్తయ్య నౌకరీ నిలిచింది. కొన్నాళ్లకు టైర్లు చూపించడానికి వచ్చి, దుకాణంలో సేటు అందరికీ ఏమని చెబుతున్నారో చెప్పాడు: "'ఆనికి తోలుడు నేనే నేర్పిన, గ్రౌండ్ల ఓ చక్కరు కొట్టి చూపిస్తె గప్పుడు సమజయింది' అంటున్నడమ్మా. అననియ్యి. నా పోరగాండ్లకు గది ఉన్నది, నాకు గంతే సాలు."

బలమైన కారు వెనక పట్టు తప్పుతోందని ఎవరైనా తీసుకొస్తే, ఆ తరువాత నుంచి నేను ఒకే వరుస పాటించాను. ముందు టైర్లు, గాలి చూడాలి. తరువాత అలైన్‌మెంటు. ఆ తరువాత, అంతకుముందు దానికి ఎవరెవరు ఏమేం తగిలించారో అడగాలి. డ్రైవరును అనుమానించడం ఈ వరుసలో ఆఖరుది. మిగతావన్నీ చూసినవాళ్లకు అక్కడిదాకా వెళ్లే అవసరం రావడం నా ఉద్యోగంలో అరుదుగానే చూశాను.