అభిప్రాయం చెప్పని పెద్దమనిషి

పాలమూరు రచయితల మీద ఎవరు వ్యాసం రాసినా నన్ను వదిలేస్తారు. మొదట్లో పొరపాటనుకున్నాను. ప్రతిసారీ ఒకే పొరపాటు జరుగుతుంటే అది పద్ధతి అని తెలిసింది. మొన్న ఒక పత్రిక మా ప్రాంతంలో జరిగిన సాహిత్య సభల గురించి ప్రత్యేక సంచిక వేసింది. అందులో ఒక ఫోటో ఉంది. పెద్దలు ముందు కుర్చీల్లో కూర్చున్నారు. వెనక నిలబడినవాళ్లలో, కుడిచేతి చివర, సగం భుజం, ఒక చెవి కనిపిస్తాయి. ఆ చెవి నాది. ఫోటో కింద అందరి పేర్లూ వేశారు. చెవికి వేయలేదు.

ఇన్నాళ్లూ ఎవరైనా అడుగుతారని ఊరుకున్నాను. అడగలేదు కనుక నేనే చెబుతున్నాను.

మాది రాజోలి. గద్వాలలో చిన్న బట్టల కొట్టు పెట్టుకున్నాను. మధ్యాహ్నం బేరాలు లేని వేళ, గద్దె మీద కూర్చుని ఒక నవల రాశాను. బావి తవ్వే రైతు కథ. నీళ్లు పడేదాకా పైకి రానని మొండికేసి అతను లోపలే కూర్చుంటాడు. ఒడ్డున నిలబడి పెళ్లాం అతన్ని తిడుతూ బతిమాలుతుంది. వాళ్ల మాటలు మా ఊళ్లో మాట్లాడుకున్నట్టే రాశాను. అందులో చాలా మాటలు మా అమ్మ మా నాయనతో అన్నవే.

ఆ కాలంలో పుస్తకానికి ముందు పండితుల అభిప్రాయాలు ఉండాలి. అవి లేకపోతే అచ్చువేసేవాడు ముట్టడు, కొనేవాడు తెరవడు. కొన్ని పుస్తకాల్లో అసలు సరుకు కంటే అభిప్రాయాలే పొడుగ్గా ఉండేవి. అవి దొరికే చోటు సభ. సాహిత్యం కోసం పోతున్నామని ఇంట్లో చెప్పి అందరం దానికోసమే పోయేవాళ్లం. ఒకాయన ఇంకొకాయన సభకు అధ్యక్షత వహిస్తాడు. ఆయన ఈయన పుస్తకానికి పీఠిక రాస్తాడు. మరుసటి సభలో ఇద్దరూ కుర్చీలు మార్చుకుంటారు. పొగడ్త మాత్రం పాతదే. పద్యం రాసేవాడికి ఈ ఏర్పాటులో ఎక్కడో ఒక మూల చోటు దొరికేది. వచనం రాసేవాణ్ణి లెక్కలు రాసే గుమస్తాతో సమానంగా చూసేవాళ్లు.

గద్వాలలో సభ పెట్టినప్పుడు అధ్యక్షుణ్ణి స్టేషన్ నుంచి తీసుకొచ్చే పని నాకు అప్పగించారు. నది అవతలి నుంచి వచ్చిన పండితుడు. పేరు రాయను, ఆయనకు తెలుసు. వెంట ఒక శిష్యుడు. గొడుగు శిష్యుడి చేతిలో, పెద్దాయన పక్కచుట్ట నా భుజం మీద. మా ఇళ్లలో అప్పటికి కాఫీ అలవాటు లేదు. ఆయన కోసం కర్నూలు నుంచి పొడి తెప్పించాను. నా భార్యకు వడకట్టాలని తెలియదు, పొడితో సహా గ్లాసులో పోసింది. ఆయన మీసానికి అంటిన మడ్డి తుడుచుకుని, మీ ప్రాంతంలో కాఫీ నములుతారా అని అడిగాడు. శిష్యుడు ఆ మాటను సభ దాకా మోసుకుపోయి అందరికీ చెప్పాడు.

సభలో ఆయనకు కప్పిన శాలువా నా కొట్టులోదే. సాయంత్రం నవల రాతప్రతి ఆయన చేతికిచ్చాను. తెరవలేదు, చేత్తో బరువు చూశాడు. పద్యమా అని అడిగాడు. కాదన్నాను. శిష్యుడికి అందించి, చూద్దాం అన్నాడు.

ఏడాది దాటింది. నేను రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదు. వనపర్తిలో సభ ఉందని, దానికీ ఆయనే అధ్యక్షుడని తెలిసి, కొట్టు మూసి బయలుదేరాను. వనపర్తి రోడ్డు స్టేషన్‌లో దిగి ఎద్దుల బండి కట్టించుకుని పోయాను. భోజనాల దగ్గర విస్తరి ముందు కూర్చున్నానో లేదో, కార్యకర్త ఒకడు వచ్చి, మీరు ఇక్కడివాళ్లే కదా, అతిథులు తిన్నాక తినొచ్చు అన్నాడు. నా చేతికి పప్పు బకెట్టు ఇచ్చాడు. వడ్డిస్తూ వడ్డిస్తూ పెద్దాయన దగ్గరికి వచ్చాను. వంగి, నవల సంగతి అడిగాను. ఆయన విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, తీరిక దొరకలేదు, చూడాలి అన్నాడు. పక్కాయన పుస్తకానికి రాసిన పీఠిక గురించి అప్పటిదాకా ఆయన గొప్పగా చెప్పుకుంటున్నాడు. దానికి తీరిక దొరికింది.

ఇంటికొచ్చి చెబితే నా భార్య రొట్టె కొడుతూ, తల ఎత్తకుండానే అంది: "గాయన సదవకుంటె నీ కత కతగాకుండ పోతదా? నువ్వు సదివి ఇనిపిస్తివి, నేను ఏడిస్తి. ఇంగ గాయనతోని ఏం పని నీకు?"

ఆమెకు నా బాధ అర్థం కాలేదు. నేను పొగడమని అడగలేదు. బాగుందనో బాగాలేదనో, రెండింట్లో ఒకటి చెప్పమన్నాను. నా కొట్టుకు వచ్చినవాళ్లు చీర మడత విప్పించి చూశాక, నచ్చలేదని అయినా చెప్పి పోతారు. ఇంత చదువుకున్న మనిషికి ఆపాటి మర్యాద ఉండొద్దా?

మూడో సభ నాగర్‌కర్నూలులో. నిజాం ఇలాకాలో సభ పెట్టాలంటే ముందు సర్కారు ఇజాజత్, అదే అనుమతి, తెచ్చుకోవాలి. సాహిత్యం తప్ప ఇంకేమీ మాట్లాడబోమని రాసిస్తే ఇచ్చారు. అయినా ఒక పోలీసు జమాదారు వెనక బెంచీ మీద కూర్చుని, ఎవరు ఏం మాట్లాడారో ఉర్దూలో రాసుకున్నాడు. ముందు కుర్చీల్లో కవులు. వెనక చాపల మీద, సంతకు వచ్చి ఎండకు నీడపట్టున కూర్చున్న రైతులు.

అధ్యక్షోపన్యాసం భాష గురించి. ఈ ప్రాంతపు మాట ఎంత మోటుగా ఉంటుందో వినండి అని, పెద్దాయన గొంతు మార్చి, సాగదీస్తూ చదివాడు: "నీళ్లు పడకుంటె పాయె. నువ్వన్న పైకి రా. తాగనీకి వాగుల చెలిమె ఉన్నది, తిట్టనీకి నువ్వు లేకుంటె ఎట్ల?"

ముందు వరసలు పగలబడి నవ్వాయి. అది నా నవలలో, బావి ఒడ్డున ఆ ఆడమనిషి అనే మాట. మా అమ్మ మాట.

చాపల మీద ఉన్నవాళ్లు నవ్వలేదు. వాళ్లు తర్వాతి మాట కోసం చూస్తున్నారు. ఎంతకీ రాకపోయేసరికి రుమాలు కట్టుకున్న ఒక రైతు అడిగేశాడు.

"ఇంతకు మనిషి పైకొచ్చిండా లేదా, అయ్యా?"

"వచ్చాడులే," అన్నాడు పెద్దాయన విసుగ్గా.

నేను లేచి నిలబడ్డాను. "అయ్యా, గది నేను రాసిన మాట. మనిషి పైకొచ్చుడు ఆఖరి పేజీల ఉన్నది."

ఉపన్యాసం మధ్యలో లేవకూడదని శిష్యుడు నన్ను కసిరాడు. ఇవి జనం నోట్లో మాటలు, ఎవరి సొత్తూ కావు అని పెద్దాయన మంచినీళ్లు తాగి, ఛందస్సులోకి వెళ్లిపోయాడు. నేను కూర్చోబోతుంటే జమాదారు దగ్గరికి వచ్చి నా పేరు అడిగాడు. మూడు సభల్లో నా పేరు అడిగి రాసుకున్నవాడు ఆయన ఒక్కడే.

సభ అయ్యాక వసారాలో పెద్దాయనను పట్టుకున్నాను. నేను నోరు తెరవకముందే ఆయన అన్నాడు: "మీ నవల ఇంకా చదవలేదయ్యా. తీరిక ఏదీ?"

"సదవకుంటె మనిషి పైకొచ్చిండని మీకెట్ల తెలిసె?"

బస్సుకు వేళవుతోందన్నాడు. శిష్యుడు గొడుగు విప్పి ఇద్దరి మధ్యా పట్టాడు.

ఆయనకు ఇచ్చిన ప్రతి తిరిగి రాలేదు. చిత్తుప్రతి తీసి మళ్లీ సాఫు రాసి, నవలను కర్నూలులో నా ఖర్చుతో అచ్చు వేయించాను. అభిప్రాయం ఉండాల్సిన పేజీ ఖాళీగా వదలమన్నాను. అచ్చువేసేవాడు నాకు మతిపోయిందనుకున్నాడు. ఆ పేజీ ఇప్పటికీ అట్లాగే ఉంది.

పెద్దాయన ఇంకా అధ్యక్షత వహిస్తూనే ఉన్నాడు. మొన్నటి ప్రత్యేక సంచికలో మొదటి వ్యాసం ఆయనదే. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో వచనం రాసినవారెవరూ తనకు తారసపడలేదట.

అయ్యా, మీరు ఈ పత్రిక తెప్పించుకుంటారని నాకు తెలుసు. అభిప్రాయం ఇక అక్కర్లేదు. శాలువా, కాఫీ, పప్పు అన్నీ వదిలేశాను. ఒక్కటే అడుగుతున్నాను. అంత మోటు రాత అయితే, బావిలో దిగిన మనిషి పైకి వచ్చేదాకా ఎందుకు చదివారు? మధ్యలో ఎందుకు మూసేయలేదు? ఆ రైతు అడిగితే అక్కడికక్కడే జవాబు చెప్పారు. నాకూ చెప్పండి.