దవడ పట్టుకున్న చెయ్యి

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. ఆళ్లగడ్డ దాటాక, చింతచెట్టు మీది నుంచి పడ్డ ఒక రైతును అతని అన్న మా బస్సులోకి ఎక్కించాడు. తలకు దెబ్బ తగిలింది, తెలివి లేదు, గొంతులో గురక. పోయేవాడి గొంతు తడుపుదామని నేను చెంబు వంచాను. నర్సులు కట్టే తెల్లచీరలో ఉన్న ఒకావిడ నా చెయ్యి నెట్టేసింది.

"బతికుండేవాన్ని చంపుతాండావా అప్పా? తెలివి లేనోడు నీళ్లు యాడ మింగుతాడు? ఊపిరిలోకి పోతాయి."

మెడ కదలకుండా అతన్ని పక్కకు తిప్పించి, నోట్లో నెత్తురు కొంగుతో తుడిచి, నాలుక గొంతుకు అడ్డం పడకుండా దవడ ఎత్తి పట్టుకుంది. గురక ఆగి ఊపిరి సాఫీగా ఆడింది. నంద్యాల దాకా ఆ గుంతల దారిలో నేల మీదే కూర్చుని, దవడ వదల్లేదు.

"మొగోని మొగం అట్ల పట్టుకుంటారా ఆడోళ్లు?" అని వెనకసీటు పెద్దమనిషి దారి పొడుగునా గొణిగాడు. మాలో ఒక్కరూ అతని నోరు మూయించలేదు.

ఆసుపత్రి దగ్గర దించేటప్పటికి రైతుకు ఊపిరి ఆడుతూనే ఉంది. ఆవిడ కొంకర్లు పోయిన వేళ్లు విదిలించుకుంటూ వెళ్లిపోయింది. అతని అన్న ఆవిడ వైపు చూడనైనా చూడలేదు. నాకు మొక్కాడు.

"నీళ్లియ్యబోతివి. మంచి మనసన్నా నీది."

నేనూ తిరిగి దండం పెట్టాను. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.